హీటింగ్ ప్రోగ్రామర్ మార్చేటప్పుడు ఏ వైరు ఎక్కడికి వెళ్తుందో తెలుసుకోవడం ఎలా

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెప్తాను, పొరబడి ఉంటే సరిదిద్దండి. ఎలక్ట్రికల్ ఇంజనీరైన మీరు ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో 1980ల నాటి ఇల్లు కొన్నారు. మేడ మీద ఎయిరింగ్ కప్‌బోర్డ్ (వేడినీళ్ల ట్యాంకు ఉండే అల్మారా) పక్కన గోడకున్న ప్రోగ్రామర్, అంటే హీటింగూ వేడినీళ్లూ ఏ వేళకు రావాలో నడిపే టైమర్, దాని తెర ఆరిపోయింది, హీటింగూ వేడినీళ్లూ రెండూ ఆగిపోయాయి, ప్రస్తుతం ట్యాంకులోని ఇమర్షన్ హీటర్ (కరెంటుతో నీళ్లు కాచేది) మీద స్నానాలు కానిస్తున్నారు. కొత్త ప్రోగ్రామర్ కొని పాతది విప్పి చూస్తే లోపల ఎర్త్ కాక ఐదు వైర్లు కనిపించాయి: రెండు ఎరుపు, ఒక నలుపు, ఒక పసుపు, ఒక నీలం. పాత పలక (గోడకు బిగించి వైర్లు కట్టే వెనుక భాగం) మీది నంబర్లకూ కొత్త పలక మీది నంబర్లకూ పొంతన లేదు. పాతదాంట్లో 3లో ఉన్న వైరును కొత్తదాంట్లోనూ 3లోనే పెట్టవచ్చా, ఈ పని సొంతంగా చేసుకోవచ్చా, దీనికన్నా స్లావ్‌లోని మీ స్నేహితుడిలా స్మార్ట్ కంట్రోల్ పెట్టించుకోవడం మేలా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

మొదటి ప్రశ్నకు జవాబు ఖచ్చితంగా పెట్టవద్దనే. అయితే దాని కారణం చెప్పేలోపు ఇంకొక పని చేయండి. ప్రోగ్రామర్, బాయిలర్, పంపు, వేడినీళ్ల దారి మార్చే వాల్వు, ఇవన్నీ సాధారణంగా ఒకే ఫ్యూజ్డ్ స్పర్ (ఫ్యూజు ఉన్న గోడ స్విచ్) నుంచి కరెంటు తీసుకుంటాయి. ఆ స్పర్‌లో 3 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. తెర పూర్తిగా ఆరిపోయి, హీటింగ్, వేడినీళ్లు రెండూ ఒకేసారి ఆగాయంటే ప్రోగ్రామర్ చెడిపోయిందనే అనుమానానికి ముందు ఆ ఫ్యూజు పోయిందేమో చూడాలి. బాయిలర్ మీద ఏ దీపమూ వెలగకపోతే ఆ అనుమానం మరింత బలపడుతుంది. ఫ్యూజు మారిస్తే అంతా పనిచేసి, మళ్లీ కొద్ది రోజులకే పోతే, పంపు బిగుసుకుపోయిందనో, వాల్వు మోటారులో లోపముందనో వెతకాలి గాని 3 బదులు 13 ఆంపియర్ల ఫ్యూజు తెచ్చి పెట్టకూడదు. అలా పెట్టిన ఇళ్లు నేను చాలానే చూశాను. సన్నని వైర్లకు ఉన్న ఒక్క కాపలానూ అక్కడ తీసేసినట్లే. స్పర్ దగ్గర కరెంటు ఉండి, పలక మీద ఎల్ (లైవ్), ఎన్ (న్యూట్రల్) స్క్రూల మధ్య 230 వోల్టులు వస్తూ, అయినా తెర వెలగకపోతే అప్పుడు మాత్రమే లోపం ప్రోగ్రామర్‌దని నమ్మకంగా చెప్పవచ్చు.

ఇక నంబర్ల సంగతి. బ్రిటన్‌లో అమ్మే రెండు ఛానెళ్ల (హీటింగ్‌కొకటి, వేడినీళ్లకొకటి) ప్రోగ్రామర్లలో అధిక భాగం ఇప్పుడు ఒకే రకం పలక మీద కూర్చుంటాయి. దాని మీద ఎన్, ఎల్, 1, 2, 3, 4 అని ఆరు స్క్రూలు వరుసగా ఉంటాయి, ఎర్త్ వైరును కట్టి ఉంచడానికి పక్కన ఇంకొకటి ఉంటుంది. ఎన్ న్యూట్రల్, ఎల్ నిరంతరం కరెంటు ఉండే లైవ్, అంటే మన దగ్గర ఫేజు అనేది. 1 వేడినీళ్లు ఆఫ్‌లో ఉన్నప్పుడు కరెంటు వచ్చేది, 2 హీటింగ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు వచ్చేది, 3 వేడినీళ్లు ఆన్, 4 హీటింగ్ ఆన్. డ్రేటన్ ఎల్‌పీ822, హనీవెల్ ఎస్‌టీ9400సి, సీమెన్స్ ఆర్‌డబ్ల్యూబి29 వంటివన్నీ ఈ అమరికనే పాటిస్తాయి. మీ ఇంట్లో ఇదే పలక ఉండి ఉంటే అసలు ఒక్క వైరును కూడా ముట్టుకోనక్కర లేకుండా, పాత యూనిట్ అడుగున ఉన్న రెండు స్క్రూలు వదులుచేసి, దాన్ని పైకి లేపి తీసి, కొత్తదాన్ని అదే కొక్కేలకు తగిలించి పది నిమిషాల్లో పని ముగించేవారు. మీ దురదృష్టం కొద్దీ పాతది ఈ అమరిక స్థిరపడక ముందు వచ్చినది, ఆ రోజుల్లో ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క తీరుగా నంబర్లు వేసుకునేది.

అందువల్ల నంబరును బట్టి కాక, ఆ వైరు చేసే పనిని బట్టి దాని చోటు నిర్ణయించుకోవాలి. నా తొలినాళ్లలో ఒక ఇంట్లో ఈ సంగతి మరిచిపోయాను. పాత పలకలో ఎల్ స్క్రూ నుంచి పక్కనున్న ఇంకొక నంబరుకు అంగుళం పొడవు తీగ ఒకటి లంకెగా ఉంది. కొన్ని పాత మోడళ్లలో లోపలి స్విచ్‌లకు కరెంటు దానంతట అది చేరదు, బయటి నుంచి అలా లంకె వేసి ఇవ్వాలి. నేను ఆ లంకెతో సహా ఉన్నది ఉన్నట్టు కొత్త పలకలోకి మార్చాను. కొత్తదాంట్లో ఆ నంబరు హీటింగ్ ఆన్ అయిన 4. ప్రోగ్రామర్ తెర మీద ఆఫ్ అని చూపిస్తున్నా ఎల్ నుంచి నేరుగా 4కు కరెంటు వెళ్తూ రాత్రంతా హీటింగ్ నడిచింది. తెల్లవారి ఆ ఇంటి పెద్దావిడ ఫోన్ చేసి, కిటికీలన్నీ తీసుకుని పడుకోవలసి వచ్చిందని చెప్పారు. కొత్త పలకలో ఆ లంకె పని యూనిట్ లోపలే జరిగిపోతుంది కాబట్టి మీ పాత పలకలో అలాంటి తీగ కనిపిస్తే దాన్ని తీసి పక్కన పెట్టండి.

ఇప్పుడు రంగుల దగ్గరకు వద్దాం. మీలాంటి ఎలక్ట్రికల్ ఇంజనీరు పొరబడే అవకాశం ఉన్నది ఇక్కడే, ఎందుకంటే తెలిసిన విషయమే ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. బ్రిటన్‌లో 2004 నుంచి కొత్త రంగులు వచ్చాయి, 2006 ఏప్రిల్ తర్వాత మొదలైన పనులన్నిటికీ అవే తప్పనిసరి అయ్యాయి. వాటి ప్రకారం గోధుమ రంగు లైవ్, నీలం న్యూట్రల్. అంతకు ముందు ఎరుపు లైవ్, నలుపు న్యూట్రల్, అంటే మన ఊళ్లలో పాత ఇళ్ల వైరింగ్ లాగానే. మీ ఇల్లు 1980ల నాటిది. మీ ఐదు వైర్ల లెక్క చూస్తే గోడలో నుంచి రెండు కేబుళ్లు వచ్చినట్టు స్పష్టంగా తెలుస్తోంది: ఒకటి ఎరుపు, నలుపు ఉన్న రెండు వైర్ల కేబుల్, రెండోది ఎరుపు, పసుపు, నీలం ఉన్న మూడు వైర్ల కేబుల్. ఈ రెండో కేబుల్ రంగులు మీకు కళాశాల నాటి ఆర్, వై, బి (ఎరుపు, పసుపు, నీలం) ఫేజులను గుర్తు చేస్తాయి, నిజానికి అవి వచ్చింది కూడా ఆ ఆనవాయితీ నుంచే. అందులోని నీలం న్యూట్రల్ కాదు. అది ప్రోగ్రామర్ నుంచి బయలుదేరే స్విచ్డ్ లైవ్, అంటే ప్రోగ్రామర్ స్విచ్‌ను బట్టి కరెంటు వచ్చీ పోయే వైరు. ఈ దేశపు కొత్త రంగులు అలవాటైన కళ్లతో దాన్ని ఎన్ స్క్రూలో పెడితే, ఫ్యూజు పోవచ్చు, లేదా సిస్టమ్ అర్థం కాని తీరులో ప్రవర్తించవచ్చు. కాబట్టి రెండు వైర్ల కేబుల్‌లోని ఎరుపు, నలుపు వరుసగా ఎల్, ఎన్ అయ్యే అవకాశం ఎక్కువ అనీ, మూడు వైర్ల కేబుల్‌లోని మూడూ స్విచ్ అయ్యే వైర్లనీ ఊహతో మొదలుపెట్టి, ఆ ఊహను పరీక్షించుకోవాలి. అది నిజమని తేలేదాకా దాని మీద ఆధారపడకూడదు.

ప్రోగ్రామర్ నుంచి మూడు స్విచ్డ్ వైర్లు వెళ్తున్నాయంటే మీ ఇంట్లో ఉన్నది వై-ప్లాన్ (హీటింగ్‌కూ వేడినీళ్లకూ కలిపి ఒకే వాల్వు ఉండే ఏర్పాటు) అని నా అనుమానం. దాన్ని తేల్చుకోవడం తేలిక. ఎయిరింగ్ కప్‌బోర్డ్‌లో వేడినీళ్ల సిలిండర్ పక్కన (ఇక్కడ సిలిండర్ అంటే వంటింటి గ్యాసు బండ కాదు, వేడినీళ్లు నిలవ ఉండే ట్యాంకు) పైపుల మీద వాల్వు మోటారు ఉండే చిన్న లోహపు పెట్టె ఉంటుంది. అది ఒక్కటే ఉండి, దాని కింద మూడు పైపులు కలుస్తుంటే వై-ప్లాన్. అలాంటి పెట్టెలు రెండు ఉండి, ఒక్కొక్కదాని గుండా ఒకే పైపు సాగిపోతుంటే ఎస్-ప్లాన్, అంటే రెంటికీ వేర్వేరు వాల్వులు. ఎస్-ప్లాన్‌లో 3, 4 మాత్రమే చాలు, 1తో పని లేదు. వై-ప్లాన్‌లో మాత్రం 1 లేకుండా కథ నడవదు.

ఆ ఒక్క వైరు గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ప్రోగ్రామర్ మార్చాక వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువగా వినిపించేది దీని వల్లే. వై-ప్లాన్ వాల్వులో తెలుపు, బూడిద, నారింజ రంగు వైర్లు ఉంటాయి, వాటితో పాటు నీలం న్యూట్రల్, ఎర్త్ ఉంటాయి. గది వేడిని చూసే రూమ్ థర్మోస్టాట్ వేడి కావాలన్నప్పుడు తెలుపుకు కరెంటు వస్తుంది, వాల్వు తిరిగి మధ్యలో ఆగుతుంది, నీళ్లు సిలిండర్‌కూ రేడియేటర్లకూ రెండు వైపులా వెళ్లగలుగుతాయి. వేడినీళ్లు అక్కర లేదన్న సందేశం బూడిద వైరు మీద వస్తుంది. తెలుపుతో పాటు బూడిదకు కూడా కరెంటు ఉన్నప్పుడే వాల్వు చివరిదాకా తిరిగి, సిలిండర్ దారి మూసి, లోపలి చిన్న స్విచ్ నొక్కుకుని, నారింజ వైరు ద్వారా పంపునూ బాయిలర్‌నూ నడుపుతుంది. ప్రోగ్రామర్‌లో 1 నుంచి వెళ్లే వైరు చేరేది ఆ బూడిద వైరుకే. దాన్ని కట్టకుండా వదిలేస్తే వాల్వు మధ్యలోనే నిలబడిపోతుంది, నారింజకు కరెంటు రాదు. ఇంట్లో వాళ్లకు కనిపించేది ఏమిటంటే వేడినీళ్లు ఆన్ చేస్తేనే హీటింగ్ వస్తుంది, వేడినీళ్లు ఆపితే హీటింగ్ కూడా ఆగిపోతుంది. అప్పుడు కొత్త ప్రోగ్రామర్ పాడైనదని దుకాణానికి తిరిగి ఇచ్చేసినవారు ఉన్నారు. రెండోది తెచ్చినా అదే తీరు కనిపిస్తే ఆశ్చర్యపడతారు.

మీ పాతది చచ్చిపోయింది కాబట్టి ఏ వైరులో ఎప్పుడు కరెంటు వస్తోందో కొలిచి చూసే వీలు లేదు. అందుకని మిగిలిన రెండు దారులు వాడండి. మొదటిది, పాత యూనిట్ వెనుక మోడల్ పేరు చూసి దాని వైరింగ్ పటం సంపాదించడం. చాలాసార్లు యూనిట్ వెనుకో పలక మీదో చిన్న అక్షరాలతో అచ్చు వేసి కూడా ఉంటుంది. రెండోది, ఎయిరింగ్ కప్‌బోర్డ్‌లో ఉండే వైరింగ్ సెంటర్ అనే జంక్షన్ పెట్టె మూత తీసి, అటువైపు చివరలు చూడడం. వాల్వు బూడిద వైరుతో ఒకే స్క్రూలో కలిసి ఉన్నది 1కి వెళ్లాలి, సిలిండర్‌కు బెల్టులా కట్టిన థర్మోస్టాట్ ఉమ్మడి స్క్రూకు వెళ్తున్నది 3కి, రూమ్ థర్మోస్టాట్‌కు కరెంటు మోసుకెళ్తున్నది 4కి. ఆ పెట్టె లోపలి చివర కూడా మీ పసుపు, నీలం, ఎరుపు కనిపిస్తాయి కాబట్టి రంగును గుర్తుగా వాడుకోవచ్చు, అర్థంగా మాత్రం తీసుకోవద్దు. రెండు దారుల జవాబూ ఒకటే అయితే నిశ్చింత. కలవకపోతే అక్కడితో ఆపి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

సొంతంగా చేసుకోవచ్చా అన్న ప్రశ్నకు, ఇంగ్లండ్‌లో ఉన్న ప్రోగ్రామర్ స్థానంలో ఇంకొకటి పెట్టడం కౌన్సిల్‌కు ముందుగా తెలియజేయవలసిన పనుల జాబితాలో లేదు. పని మాత్రం వైరింగ్ నిబంధనలకు లోబడి ఉండాలి. బాయిలర్ పెట్టె లోపలి గ్యాసు భాగాల జోలికి వెళ్లే పనికి గ్యాస్ సేఫ్ రిజిస్టర్ (గ్యాసు పనికి అనుమతి ఉన్నవారి జాబితా)లో ఉన్న మనిషే కావాలి, ఈ పనిలో మీకు ఆ అవసరం రాదు. అద్దె ఇల్లయితే యజమానికి చెప్పకుండా ముట్టుకోవద్దనేవాడిని, మీది సొంతిల్లు.

కరెంటు ఆపే విషయంలో మన అలవాట్లు కొన్ని వదులుకోవాలి. మన ఇళ్లలో అందరి దగ్గరా ఉండే నియాన్ బల్బు టెస్టర్, వెలగలేదు కాబట్టి కరెంటు లేదని నిర్ధారించుకోవడానికి పనికిరాదు. రెండు మొనలున్న వోల్టేజ్ టెస్టర్ తీసుకుని, ముందు కరెంటు ఉన్న చోట పెట్టి అది పనిచేస్తోందని చూసుకుని, తర్వాత ప్రోగ్రామర్ పలక మీది ప్రతి స్క్రూనూ న్యూట్రల్‌తోనూ ఎర్త్‌తోనూ కలిపి పరీక్షించి, చివర మళ్లీ కరెంటు ఉన్న చోట పెట్టి చూడాలి. స్పర్ స్విచ్ ఆపడం ఒక్కటే చాలదు, అందులోని ఫ్యూజు బయటికి తీసి మీ జేబులో వేసుకోండి, అప్పుడు ఇంట్లో ఇంకెవరూ తెలియక ఆన్ చేయలేరు. ప్రతి స్క్రూనూ పరీక్షించమనడానికి ఇంకొక కారణం ఉంది. కొన్ని ఇళ్లలో ఎవరో ఎప్పుడో బాయిలర్‌కు వేరే సాకెట్ నుంచి కరెంటు ఇచ్చి ఉంటారు, ప్రోగ్రామర్ స్పర్ ఆపినా అటు నుంచి స్విచ్డ్ వైరు మీదుగా కరెంటు వెనక్కి రావచ్చు. ఇమర్షన్ హీటర్‌ది ఎలాగూ వేరే లైను. మన గీజర్ లాంటి ఆ 3 కిలోవాట్ల హీటర్ దాదాపు 13 ఆంపియర్లు లాగుతుంది, దాన్ని ఈ ప్రోగ్రామర్‌కు కలిపే ఆలోచన ఎప్పుడూ చేయకండి. ప్రోగ్రామర్ రిలేలు అంత భారం మోయలేవు.

పాత పలక విప్పే ముందు వెలుతురులో దగ్గరగా రెండు ఫొటోలు తీసి, ప్రతి వైరుకూ కాగితపు టేపు చుట్టి పాత నంబరూ, దాని పనీ రాయండి. ముప్పై నలభై ఏళ్లు ఒకే వంపులో ఉన్న రాగి తీగ స్క్రూ కింద నలిగి ఉంటుంది, వదులు చేయగానే కొన్నిసార్లు చేతికి వచ్చేస్తుంది. అలా విరిగితే మళ్లీ ఆరేడు మిల్లీమీటర్ల మేర తొడుగు తీసి కొత్త కొన తయారుచేసుకోండి. పొడవు చాలకపోతే లాగి సాగదీయవద్దు, కనెక్టరుతో చిన్న ముక్క కలపండి. స్క్రూ బయట రాగి కనిపించకూడదు, బిగించాక వైరును కొంచెం గట్టిగా లాగి చూడాలి. ఎర్త్ తీగలకు ఆకుపచ్చ పసుపు తొడుగు వేసి వాటి చోట కట్టి ఉంచండి, ప్రోగ్రామర్‌కు ఎర్త్ అక్కర లేకపోయినా వైరింగ్ సెంటర్‌కు వెళ్లే ఎర్త్ అక్కడ తెగిపోకూడదు. మూడు వైర్ల కేబుల్‌లోని పసుపు, నీలం కొనలకు గోధుమ రంగు తొడుగులు వేస్తే మీ తర్వాత ఆ మూత తీసేవారికి అవి లైవ్ అని తెలుస్తుంది.

కొత్త యూనిట్‌ను పలకకు తగిలించే ముందు దాని వెనుక చూడండి. చాలా మోడళ్లలో అక్కడ చిన్న జంపరో స్విచ్చో ఉంటుంది, ఒక స్థానం గ్రావిటీ, రెండోది పంప్డ్. గ్రావిటీ అంటే సిలిండర్‌లోకి వేడి పంపు లేకుండా తనంతట తానే ఎక్కే పాత ఏర్పాటు. ఆ స్థానంలో ఉంటే వేడినీళ్లు లేకుండా హీటింగ్ ఒక్కటే పెట్టుకోనివ్వదు. మీ వాల్వు వై-ప్లాన్ అయితే దాన్ని పంప్డ్‌లోకి మార్చాలి, లేకపోతే పైన చెప్పిన బూడిద వైరు జబ్బులాగే కనిపించి, వైరింగ్ అంతా మళ్లీ విప్పించే ప్రమాదం ఉంది.

పరీక్ష ఇలా చేయండి. వేడినీళ్లు మాత్రమే ఆన్ చేసి, సిలిండర్ థర్మోస్టాట్ 60 డిగ్రీల దగ్గర ఉందని చూసుకుని, పది నిమిషాల తర్వాత సిలిండర్‌లోకి వెళ్లే పైపును తాకితే వేడిగా ఉండాలి, రేడియేటర్లు చల్లగా ఉండాలి. తర్వాత వేడినీళ్లు ఆపి హీటింగ్ మాత్రమే పెట్టి, రూమ్ థర్మోస్టాట్ పెంచితే వాల్వు మెల్లగా గురగురమంటూ తిరగడం వినబడుతుంది, కాసేపటికి రేడియేటర్లు వేడెక్కాలి. బూడిద వైరు సరిగా పడిందో లేదో తేలేది ఈ రెండో పరీక్షలోనే. ఆ తర్వాత రెండూ కలిపి, చివరికి రెండూ ఆపి చూడండి. ఆపాక కూడా పంపు కొన్ని నిమిషాలు తిరగవచ్చు, బాయిలర్‌లో మిగిలిన వేడిని బయటికి పంపడానికి కొన్నిటిలో అలాంటి ఏర్పాటు ఉంటుంది. వాల్వు పెట్టె గోరువెచ్చగా ఉన్నా కంగారు పడవద్దు.

స్మార్ట్ సంగతికి వస్తే, మీరు ఇప్పటికే కొన్న దాన్ని వాడుకోమనే నా సలహా. ఒకవేళ మార్చదలిస్తే తప్పనిసరిగా రెండు ఛానెళ్ల రకమే తీసుకోండి. మీ స్నేహితుడు స్లావ్‌లో పెట్టుకున్నది చవకగా వచ్చిందన్నారు, ఆయనది సిలిండర్ లేని కాంబీ బాయిలర్ అయి ఉంటుంది, దానికి ఒకే ఛానెల్ చాలు. అలాంటి బాయిలర్లలో కొన్నిటికి కంట్రోల్ వైర్ల మీద 230 వోల్టులు రాకూడదు, మీ రకం ప్రోగ్రామర్‌ను అక్కడ కలిపితే బాయిలర్ సర్క్యూట్ బోర్డు కాలిపోతుంది, ఆయనకు మీరు కొన్న ప్రోగ్రామర్‌ను ఇవ్వాలనుకుంటే ఇది చెప్పండి. హైవ్ రెండు ఛానెళ్ల రిసీవరూ, డ్రేటన్ వైజర్ రెండు ఛానెళ్ల హబ్బూ మీరు ఇప్పుడు గోడకు బిగించబోయే ఆరు స్క్రూల పలక మీదే కూర్చుంటాయి కాబట్టి రేపు మనసు మారినా ఈ శ్రమ వృథా కాదు. అప్పుడు పాత రూమ్ థర్మోస్టాట్‌ను తీసేసి దాని రెండు లైవ్ వైర్లను కలిపేయవలసి ఉంటుంది, సిలిండర్ థర్మోస్టాట్‌ను మాత్రం తీయకూడదు, ట్యాంకులో నీళ్లు మితిమీరి కాగకుండా ఆపేది అదే.

వైరింగ్ సెంటర్ మూత తీసినప్పుడు వాల్వు బూడిద వైరు ఉన్న స్క్రూలో మీ మూడింటిలో ఏ రంగు కలిసి ఉందో చూసి, ఫొటోతో ఇక్కడ రాయండి. అక్కడ ఏ రంగూ లేకపోతే, పాత పలకలో మూడో స్విచ్డ్ వైరు దేనికి కట్టి ఉందో అది కూడా రాయండి. అవి చూశాక 1, 3, 4లలో ఏది ఏదో చెప్తాను, అందాకా ఫ్యూజు జేబులోనే ఉంచండి.